ఇంట్లో టీవీ రికార్డింగ్‌కి ఏ ఏర్పాటు కుదురుతుంది? కొనేముందు తేల్చుకోవాల్సినవి

టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకోవడానికి ఏ పెట్టె మంచిదని అడిగేవాళ్లు చాలామంది అప్పటికే రెండు మూడు మోడళ్లు చూసి పెట్టుకుని ఉంటారు. అక్కడే పని అడ్డం తిరుగుతుంది. పెట్టె ఎంచుకోవడం ఇందులో దాదాపు ఆఖరి పని. అంతకంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి: మీ ఇంట్లోకి టీవీ సిగ్నల్ ఏ దారిన వస్తోంది, దానికి తాళం (అనుమతి లేని పరికరంలో బొమ్మ రానివ్వని ఎన్‌క్రిప్షన్) ఉందా లేదా. ఇవి తేలితే మీరు చూసిపెట్టుకున్న మోడళ్లలో సగం వాటంతట అవే పక్కకి పోతాయి.

వీసీఆర్ రోజుల్లో ఈ గొడవ లేదు. 1975లో సోనీ బీటామ్యాక్స్, 1976లో జేవీసీ వీహెచ్ఎస్ వచ్చాక తెరమీద కనిపించేది దాదాపు ఏదైనా టేపుకి ఎక్కేది. సినిమా కంపెనీలు కోర్టుకి వెళ్లాయి కూడా. 1984లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో, తర్వాత తీరిగ్గా చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పేమీ కాదని తేల్చింది. 1999లో టీవో, రీప్లేటీవీ అనే పెట్టెలు టేపు తీసేసి హార్డ్ డిస్క్ పెట్టాయి. ఆ తర్వాత సిగ్నలే డిజిటల్ అయిపోయింది. దాంతో రికార్డు చేసుకోనివ్వాలా, ఎన్నాళ్లు ఉంచుకోనివ్వాలా అన్న నిర్ణయం చాలావరకు ప్రసారం చేసేవాళ్ల చేతికి వెళ్లిపోయింది. చట్టం కూడా దేశానికో రకంగా ఉంది. సొంతానికి చూసుకోవడాన్ని చాలాచోట్ల ఒప్పుకుంటారు, రికార్డింగ్‌ని నెట్‌లో పెట్టడాన్ని మాత్రం ఒప్పుకోరు. మీ దేశంలో ఏముందో ఒకసారి చూసుకోండి.

మొదటి మెట్టు: సిగ్నల్ దారి, దాని తాళం

టీవీ వెనక్కి వెళ్లి, వచ్చే తీగ ఏదో చూడండి. ఇంటిపై యాంటెన్నా నుంచి వస్తే అది నేలమీది ప్రసారం. డిష్ నుంచి వస్తే ఉపగ్రహం. వీధి కేబుల్ అయితే కేబుల్. అసలు తీగే లేకుండా ఇంటర్నెట్‌లోంచి యాప్‌లో వస్తుంటే అది నాలుగో రకం, దాని కథ వేరు.

యాంటెన్నా ప్రసారాల్లో కూడా ప్రాంతాన్ని బట్టి పద్ధతులు మారతాయి. ఉత్తర అమెరికాలో ఏటీఎస్‌సీ, యూరప్‌తో పాటు చాలా దేశాల్లో డీవీబీ-టీ లేదా డీవీబీ-టీ2, జపాన్, బ్రెజిల్‌లలో ఐఎస్‌డీబీ-టీ. ఒకదానికి తయారైన ట్యూనర్ (సిగ్నల్‌ని అందుకునే భాగం) ఇంకోదానికి పనికిరాదు. డీవీబీ-టీ మాత్రమే ఉన్న పాత ట్యూనర్ టీ2 ప్రసారాన్ని అందుకోలేదు. ఇంకో దేశం నుంచి తెప్పించుకునేవాళ్లు డబ్బా మీద ఈ అక్షరాలే ముందు చదవాలి.

తాళం ఉందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. సెట్‌టాప్ బాక్స్‌ని పక్కన పెట్టి, తీగని నేరుగా టీవీకి పెట్టి, టీవీలోనే ఛానెళ్లు వెతికించండి. డిష్ అయితే మీ టీవీలో ఉపగ్రహ ట్యూనర్ ఉండాలి. లేకపోతే ఏ కంపెనీదీ కాని ఉచిత ఛానెళ్ల రిసీవర్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని చూడండి. బొమ్మ వచ్చిన ఛానెళ్లకి తాళం లేదు. పేరు కనిపించి తెర నల్లగా ఉండిపోయినవి, ‘స్క్రాంబుల్డ్’ అని రాసేవి తాళం వేసినవి. మీరు రికార్డు చేయాలనుకునే ఛానెళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ఉందనో లేదనో గుర్తు పెట్టండి. ఇక్కడినుంచి చేసే నిర్ణయాలన్నీ ఆ కాగితాన్ని పట్టుకునే ఉంటాయి.

ఉచిత యాంటెన్నా ఛానెళ్లకి తాళం ఉండదని అనుకోవడం మామూలు. ఇప్పుడు అదీ పూర్తిగా నిజం కాదు. అమెరికాలో కొత్త ఏటీఎస్‌సీ 3.0 ప్రసారాల్లో కొన్ని డీఆర్ఎం అనే కాపీ నియంత్రణ తాళంతో వస్తున్నాయి.

రెండో మెట్టు: రికార్డింగ్ ఎవరిది కావాలి

రికార్డింగ్ కోరుకునేవాళ్లు స్థూలంగా రెండు రకాలు. రాత్రి సీరియల్ మర్నాడు చూసి చెరిపేసేవాళ్లు ఒకరు. పాత నాటకాలు, సంగీత కచేరీలు, తమవాళ్లు కనిపించిన కార్యక్రమాలు ఏళ్ల తరబడి దాచుకునేవాళ్లు ఇంకొకరు. మొదటి రకానికి ఏ పెట్టైనా చాలు. రెండో రకం వాళ్లు మాత్రం ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చోవాలి: ఈ పెట్టె చెడిపోయిన రోజున నా రికార్డింగ్‌లు నాకు మిగులుతాయా?

చాలా పెట్టెల విషయంలో జవాబు ‘మిగలవు’ అనే. డబ్బా మీద ఎంత పెద్ద అక్షరాలతో ‘రికార్డింగ్ సౌకర్యం’ అని వేసినా ఈ మాట ఎవరూ వేయరు.

మూడో మెట్టు: రకాలు, ఒక్కోదాని కిటుకు

టీవీ వెనక యూఎస్‌బీలో డిస్క్ పెట్టడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా చవక. ఇందులో ఎక్కువమంది బోల్తాపడేది ఒకచోటే. ఈ సౌకర్యం టీవీలో ఉన్న సొంత ట్యూనర్ అందుకున్న ఛానెళ్లకి మాత్రమే. సెట్‌టాప్ బాక్స్‌ని హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి పెట్టి చూసే ఇంట్లో ఇది పనిచేయదు. టీవీ దృష్టిలో అది బయటి పరికరం నుంచి వస్తున్న బొమ్మ, ఛానెల్ కాదు. పైగా ఒకే మోడల్‌లో ఒక దేశంలో ఈ సౌకర్యం ఉంటుంది, ఇంకో దేశంలో కంపెనీ తీసేసి ఉంటుంది. మీ టీవీ మెనూలో ‘రికార్డ్’ అనే మాట కనబడేదాకా ఉందని నమ్మకండి.

పెట్టాక జరిగేది ఇది: టీవీ డిస్క్‌ని గుర్తుపట్టి ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. సరే అన్నారంటే అందులో ఉన్న ఫొటోలూ ఫైళ్లూ మొత్తం పోతాయి, కాబట్టి ఖాళీ డిస్కే వాడండి. తర్వాత అది రాసే రికార్డింగ్‌లు సాధారణంగా ఆ టీవీకి మాత్రమే తెలిసిన తాళంచెవితో ఉంటాయి. డిస్క్ తీసి కంప్యూటర్‌కి పెడితే ఏమీ కనిపించదు, కనిపించినా ఆడదు. టీవీ మెయిన్ బోర్డు మార్చారంటే పాత రికార్డింగ్‌లన్నీ పోయినట్టే. ఒకే ట్యూనర్ ఉన్న టీవీ అయితే ఒక ఛానెల్ రికార్డవుతుండగా ఇంకోటి చూడలేరు. చూసి చెరిపేసేవాళ్లకి ఇవేవీ పెద్ద లోపాలు కావు. వాళ్లు ఇంతకుమించి ఖర్చుపెడితే గోటితో పోయేదానికి గొడ్డలి వాడినట్టే.

మీ కాగితం మీది ఛానెళ్లు దాదాపు అన్నిటికీ తాళం ఉంటే, సర్వీసు కంపెనీ ఇచ్చే రికార్డర్ బాక్సే మీకు దారి. నాకు ఈ బాక్సులంటే పెద్ద ఇష్టం లేదు గానీ, తాళం వేసిన ఛానెళ్ల విషయంలో వాటితో పోటీపడేది లేదు. గైడ్ (ఏ కార్యక్రమం ఎప్పుడో చెప్పే పట్టిక) సరిగ్గా ఉంటుంది, సీరియల్ మొత్తానికి ఒకసారి చెబితే చాలు, ఇంట్లో పెద్దవాళ్లు కూడా రిమోట్‌తో నడిపించుకోగలరు. చందా ఆపేస్తే మాత్రం చాలా కంపెనీల బాక్సుల్లో దాచుకున్నవి కూడా తెరుచుకోవు. తీసుకునేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఒకేసారి ఎన్ని ఛానెళ్లు రికార్డవుతాయి, డిస్క్ సైజు ఎంత, బాక్సు మార్చాల్సివస్తే పాతవి కొత్తదానికి వస్తాయా. మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే రావనే లెక్కేసుకోండి.

కొన్ని దేశాల్లో బాక్సు లేకుండా టీవీలోనో రిసీవర్‌లోనో సీఐ ప్లస్ అనే చిన్న మాడ్యూల్ పెట్టి, అందులో స్మార్ట్‌కార్డు పెడితే తాళం తెరుచుకుంటుంది. అయితే ఏ కార్యక్రమం రికార్డవ్వాలో, ఎంతసేపటి తర్వాత చెరిగిపోవాలో కూడా ప్రసారంతో పాటే హుకుం వస్తుంది. సీఐ ప్లస్ ఉంది కాబట్టి అన్నీ రికార్డవుతాయనుకుని కొనకండి.

ఉచిత ఛానెళ్ల రిసీవర్లలో యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్నవి మరో రకం. చిన్నవాటిలో మెనూలు మోటుగా ఉంటాయి, గైడ్ అంతంతమాత్రం. కానీ వీటిలో చాలా వరకు ప్రసారాన్ని మామూలు టీఎస్ ఫైలుగా రాసేస్తాయి, అది ఏ కంప్యూటర్‌లోనైనా వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో ఆడుతుంది. అందుకే దాచుకునేవాళ్లకి ఇవి ఖరీదైన టీవీకన్నా మేలు. డ్రీమ్‌బాక్స్, వీయూ ప్లస్ లాంటి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంతో నడిచే రిసీవర్లు ఇదే వంశంలో పెద్దన్నలు. వాటిలో డిస్క్‌ని నెట్‌వర్క్ మీదనుంచి తెరిచి ఫైళ్లు తీసుకోవచ్చు. చిన్న రిసీవర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక్క ఫైలు 4 జీబీ దాటలేదు, కాబట్టి సినిమా రెండు మూడు ముక్కలవుతుంది. రిసీవర్ ఒప్పుకుంటే ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ చేసుకోండి.

సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐకి క్యాప్చర్ కార్డు (వచ్చే బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించే పరికరం) పెడితే అన్నీ రికార్డు చేసుకోవచ్చని చాలామంది చెబుతారు. బాక్సు నుంచి వచ్చే బొమ్మమీద హెచ్‌డీసీపీ అనే ఇంకో తాళం ఉంటుంది, మామూలు క్యాప్చర్ కార్డు దాన్ని చూడగానే నల్ల తెర ఇస్తుంది. ఆ తాళం తీసే తీగలూ పెట్టెలూ దొరుకుతాయి గానీ చాలా దేశాల్లో అవి వాడటమే చట్టవిరుద్ధం. పైగా ఛానెల్ మార్చడానికి బాక్సుకి రిమోట్ సిగ్నల్ పంపే ఏర్పాటు, వచ్చిన బొమ్మని మళ్లీ కుదించే పని, ఆ కుదింపులో పోయే నాణ్యత, ఇన్ని తలనొప్పులున్నాయి. పాత వీహెచ్ఎస్ టేపులు కంప్యూటర్లోకి ఎక్కించుకోవడానికి క్యాప్చర్ పరికరం మంచిది. రోజూ టీవీ రికార్డింగ్‌కి వద్దు.

ఇంటర్నెట్ టీవీ చూసేవాళ్లకి క్లౌడ్ రికార్డింగ్ వస్తుంది. అందులో మీ ఇంట్లో ఏదీ ఉండదు, బటన్ నొక్కితే వాళ్ల సర్వర్‌లో ఉంటుంది. సుఖమే. కానీ గడువుంటుంది. ఉదాహరణకి యూట్యూబ్ టీవీలో రికార్డింగ్‌లు 9 నెలలకి వాటంతట అవే పోతాయి.

ఇక చివరిది, నాకు ఇష్టమైనది: ట్యూనర్ విడిగా, దాన్ని నడిపే కంప్యూటర్ విడిగా. తాళం లేని ఛానెళ్లు ఎక్కువగా చూసే ఇంట్లో, నాలుగు గదుల్లో నాలుగు తెరలున్న ఇంట్లో దీనికి మించింది లేదు. ట్యూనర్ చెడిపోతే ట్యూనర్ ఒక్కటే మారుస్తారు, డిస్క్ నిండితే డిస్క్ ఒక్కటే. రికార్డింగ్‌లు మామూలు ఫైళ్లుగా మీ దగ్గరే ఉంటాయి. మొదట్లో ఒకటి రెండు సాయంత్రాలు కూర్చుని అమర్చుకునే ఓపిక కావాలి. ఇక్కడినుంచి ఎక్కువగా దీని గురించే చెబుతాను. ట్యూనర్లు, డిస్క్ లెక్కలు మిగతావాళ్లకీ పనికొస్తాయి.

నాలుగో మెట్టు: ఎన్ని ట్యూనర్లు

‘మేం ఒకేసారి రెండు కార్యక్రమాలకి మించి రికార్డు చేయం, రెండు ట్యూనర్లు చాలు’ అనుకుంటారు. కాగితం మీద వేసి చూడండి. 9 నుంచి 10 దాకా ఒక ఛానెల్లో సీరియల్, 10 నుంచి 11 దాకా ఇంకో ఛానెల్లో చర్చ. ఒకదాని తర్వాత ఒకటి కాబట్టి ఒక్క ట్యూనర్ సరిపోవాలి. కానీ ఏ ఛానెలూ గడియారం పట్టుకుని నడవదు. అందుకే ముందు 2 నిమిషాలు, వెనక 10 నిమిషాలు అదనంగా రికార్డు చేయమని పెట్టుకుంటాం. అప్పుడు మొదటిది 8:58 నుంచి 10:10 దాకా, రెండోది 9:58 నుంచి 11:10 దాకా. 9:58 నుంచి 10:10 వరకు 12 నిమిషాలు రెండు ట్యూనర్లూ బిజీ. ఆ సమయంలో మూడో ఛానెల్ చూద్దామని ఎవరైనా రిమోట్ పట్టుకుంటే ఇంట్లో పంచాయితీ మొదలు. మ్యాచ్‌లు రికార్డు చేసేవాళ్లు వెనక గంట దాకా వదలాలి, వాళ్ల లెక్క ఇంకా పెరుగుతుంది.

దీనికి విరుగుడు కూడా సిగ్నల్లోనే ఉంది. డిజిటల్ ప్రసారంలో ఒక్క ఫ్రీక్వెన్సీ మీద చాలా ఛానెళ్లు కలిసి వస్తాయి, దాన్ని మక్స్ అంటారు. ట్యూనర్ పట్టుకునేది మక్స్‌ని, ఛానెల్‌ని కాదు. కాబట్టి పై రెండు ఛానెళ్లూ ఒకే మక్స్‌లో ఉంటే ఒక్క ట్యూనర్‌తోనే రెండూ రికార్డు చేయొచ్చు. ఈ పని సాఫ్ట్‌వేర్‌కి రావాలి. టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత ప్రోగ్రాముకి వచ్చు, కొన్ని ప్రోగ్రాములు మాత్రం ఛానెల్‌కో ట్యూనర్ చొప్పున ఖర్చుచేస్తాయి. మీ కాగితం మీద ఛానెళ్ల పక్కన వాటి ఫ్రీక్వెన్సీ కూడా రాసుకోండి, ఏవి కలిసి వస్తున్నాయో తెలిసిపోతుంది. నా లెక్కలో రెండు ట్యూనర్లు ఒక మనిషికి, నాలుగు ఒక కుటుంబానికి.

యాంటెన్నా తీగని రెండు ట్యూనర్లకి పంచాలంటే స్ప్లిటర్ చాలు. రెండు దారుల స్ప్లిటర్ సిగ్నల్‌ని సుమారు 3.5 డెసిబెల్స్ తగ్గిస్తుంది, నాలుగు దారులది 7 పైనే. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉంటే యాంప్లిఫయర్‌ని యాంటెన్నా దగ్గరే పెట్టండి. తీగలో బలహీనపడిన సిగ్నల్‌ని టీవీ దగ్గర పెంచితే దాంతోపాటు రొదా పెరుగుతుంది.

డిష్‌కి ఈ స్ప్లిటర్ సూత్రం పనిచేయదు, చాలామంది సాయంత్రాలు వృథా అయ్యేది ఇక్కడే. డిష్ ముందు ఉండే ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్‌ని అందుకుని తీగలోకి పంపే ముక్క) ఏ సిగ్నల్ కావాలో రిసీవరే తీగలో విద్యుత్తు పంపి చెబుతుంది: 13 వోల్టులిస్తే నిలువు ధ్రువణం (తరంగం ఊగే దిశ), 18 ఇస్తే అడ్డం. 22 కిలోహెర్ట్జ్ టోన్ కూడా పంపితే పై బ్యాండ్, పంపకపోతే కింది బ్యాండ్. అంటే మొత్తం సిగ్నల్లో నాలుగో వంతు మాత్రమే ఒక సమయంలో ఆ తీగలోంచి వస్తుంది. ఒకే తీగని రెండు ట్యూనర్లకి పంచితే రెండూ ఒకే నాలుగోవంతులోని ఛానెళ్లు చూడక తప్పదు. ట్యూనర్‌కో తీగ కావాలి, లేదా ఒకే తీగలో చాలా ట్యూనర్లకి పంపే యూనికేబుల్ రకం ఎల్‌ఎన్‌బీ కావాలి, దానికి తగిన రిసీవర్ కావాలి.

కొనేటప్పుడు పేర్లు జాగ్రత్తగా చదవండి. ‘క్వాడ్’ ఎల్‌ఎన్‌బీకి నాలుగు పోర్టులు, ఏ పోర్టుకైనా రిసీవర్ నేరుగా పెట్టుకోవచ్చు. ‘క్వాట్రో’కీ నాలుగే పోర్టులు, చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. కానీ దానిలో ఒక్కో పోర్టు ఒక్కో నాలుగోవంతునే ఇస్తుంది, నాలుగింటినీ కలిపి రిసీవర్లకి పంచే మల్టీస్విచ్ లేకుండా పనికిరాదు.

ఐదో మెట్టు: కంప్యూటర్, ట్యూనర్, వాటి మధ్య తీగ

ట్యూనర్లు మూడు రూపాల్లో దొరుకుతాయి: కంప్యూటర్ లోపల పెట్టే కార్డు, యూఎస్‌బీ ముక్క, నెట్‌వర్క్ పెట్టె. యూఎస్‌బీవి చవక, కానీ లినక్స్‌లో డ్రైవర్ ఉందో లేదో చూసుకోకుండా కొనకూడదు. పేరు మార్చకుండానే లోపలి చిప్ మార్చేసే తయారీదార్లున్నారు. హెచ్‌డీహోమ్‌రన్ లాంటి నెట్‌వర్క్ ట్యూనర్‌ని యాంటెన్నా తీగ ఎక్కడ దిగుతుందో అక్కడే పెట్టి రౌటర్‌కి కలపొచ్చు. డ్రైవర్ల బాధ ఉండదు, కంప్యూటర్ మార్చినా అది అలాగే ఉంటుంది. డిష్ వాళ్లకి ఇలాంటివే శాట్ ఐపీ పెట్టెలు.

ట్యూనర్‌కీ రికార్డు చేసే కంప్యూటర్‌కీ మధ్య వైఫై వద్దు. వేగం చాలకపోవడం కాదు సమస్య. అమెరికా ఏటీఎస్‌సీ 1.0లో ఒక ప్రసారం మొత్తం 19.39 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) మాత్రమే, ఇప్పటి వైఫై ఏదైనా మోస్తుంది. కానీ వైఫై ఒక్క క్షణం తడబడితే ఆ క్షణం రికార్డింగ్‌లో శాశ్వతంగా పోతుంది. నెట్ సినిమా ఆగి మళ్లీ నడుస్తుంది, ప్రసారం ఎవరికోసమూ ఆగదు. ఈథర్‌నెట్ తీగ వేయండి. రికార్డయినవి చూసే టీవీకి వైఫై ఉన్నా పరవాలేదు.

కంప్యూటర్ పెద్దది అక్కర్లేదు. వచ్చిన ప్రసారాన్ని వచ్చినట్టే డిస్క్ మీద రాయడానికి ప్రాసెసర్ దాదాపు ఏమీ చేయదు, రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటర్ హాయిగా సరిపోతుంది. పై 3, అంతకు ముందువి వద్దనడానికి కారణముంది. వాటిలో యూఎస్‌బీ, ఈథర్‌నెట్ రెండూ ఒకే యూఎస్‌బీ 2 దారిని పంచుకుంటాయి. ఫోన్‌లో చూడటానికి బొమ్మని అప్పటికప్పుడు కుదించి పంపాలంటే మాత్రం బలం కావాలి. అలాంటి ఇంటికి వీడియో కుదింపుని చిప్‌లోనే చేసే క్విక్‌సింక్ ఉన్న ఇంటెల్ చిప్‌తో చిన్న మినీ పీసీ తీసుకోండి. 24 గంటలూ ఆన్‌లో ఉండే వస్తువు కాబట్టి కరెంటూ లెక్కలోకి వస్తుంది. సగటున 10 వాట్లు లాగేది ఏడాదికి 87.6 యూనిట్లు ఖర్చుచేస్తుంది. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు లాగితే 525 దాటుతుంది. ‘పాత కంప్యూటర్ ఊరికే పడుంది కదా’ అనేవాళ్లకి ఇది చెప్పి చూడండి.

ఆరో మెట్టు: డిస్క్

ఎంబీపీఎస్‌ని 0.45తో గుణిస్తే గంటకి ఎన్ని జీబీలో వస్తుంది. 3 ఎంబీపీఎస్ ఎస్‌డీ ఛానెల్ గంటకి 1.35 జీబీ, 8 ఎంబీపీఎస్ హెచ్‌డీ ఛానెల్ 3.6 జీబీ. ఆ హెచ్‌డీ లెక్కన 1 టీబీలో సుమారు 277 గంటలు పడతాయి. మీ ఛానెల్ ఎంత పంపుతోందో ఊహించక్కర్లేదు. పది నిమిషాలు రికార్డు చేసి, ఫైలు సైజుని ఆరుతో గుణించండి.

టీవీ రికార్డింగ్ అంటే ఆగకుండా రాయడం, దానికి మామూలు 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ చక్కగా సరిపోతుంది. సీసీ కెమెరాల కోసం అమ్మే డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి రోజంతా రాయడానికే తయారైనవి. రాతల గీతల్ని ఒకదానిమీద ఒకటి కొంత పరిచి రాసే ఎస్ఎమ్ఆర్ రకం డిస్క్‌లు నాలుగైదు రికార్డింగ్‌లు ఒకేసారి రాయాల్సివస్తే తడబడొచ్చు, గీతల్ని పక్కపక్కనే విడిగా రాసే సీఎమ్ఆర్ అని రాసి ఉన్నది దొరికితే అదే తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందనే టెన్షన్ అనవసరం. రోజుకి ఆరు గంటలు హెచ్‌డీ రాసినా ఏడాదికి 8 టీబీ లోపే, మంచి 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు వందల టీబీల రాతకి హామీ ఇస్తాయి. అరిగిపోయేవి పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు. రాస్ప్‌బెర్రీ పై నడిచే కార్డు మీదే రికార్డింగ్‌లు వేయకండి, డిస్క్ విడిగా పెట్టండి.

ఏడో మెట్టు: గైడ్, సాఫ్ట్‌వేర్

మంచి ట్యూనర్, పెద్ద డిస్క్ ఉండి కార్యక్రమాల గైడ్ సరిగ్గా లేకపోతే మీరు మళ్లీ వీసీఆర్ టైమర్ కాలానికి వెళ్లినట్టే. డీవీబీ ప్రసారాల్లో గైడ్ సిగ్నల్‌తో పాటే వస్తుంది, చాలాచోట్ల వారం దాకా ఉంటుంది. ఏటీఎస్‌సీలో మాత్రం 12 గంటల వివరాలు పంపితే ఛానెల్ బాధ్యత తీరిపోతుంది, అందుకే అక్కడివాళ్లు షెడ్యూల్స్ డైరెక్ట్ లాంటి చందా గైడ్ పెట్టుకుంటారు. బయటినుంచి తెచ్చుకునే గైడ్‌లు ఎక్కువగా ఎక్స్ఎమ్ఎల్‌టీవీ అనే రూపంలో ఉంటాయి, మీరు ఎంచుకునే సాఫ్ట్‌వేర్‌కి అది చదవడం రావాలి.

సాఫ్ట్‌వేర్‌లో నా ఓటు టీవీహెడ్‌ఎండ్‌కి. లినక్స్ మీద నడుస్తుంది, ఉచితం, బ్రౌజర్‌లో 9981 పోర్టు తెరిస్తే సెట్టింగులు వస్తాయి. వాటిని చూడగానే కళ్లు తిరుగుతాయి, నిజమే. కానీ నెట్‌వర్క్, మక్స్, సర్వీసులు, ఛానెళ్లు అనే ఈ వరసలోనే చేసుకుంటూపోతే దారి తప్పదు. టీవీలో చూడటానికి కోడీ అనే ప్లేయర్ జతచేసుకోవాలి. విండోస్ వదలనివాళ్లకి నెక్స్ట్‌పీవీఆర్ ఉంది. ఇప్పటికే సినిమాల కోసం జెల్లీఫిన్ గానీ ప్లెక్స్ గానీ వాడుతున్నవాళ్లకి వాటిలోనే రికార్డింగ్ ఉంది, ప్లెక్స్‌లో దానికి ప్లెక్స్ పాస్ చందా కావాలి. 2002లో మొదలైన మిత్‌టీవీ ఇంకా బతికే ఉంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మాత్రం బరువు.

ఏదైనా సరే, ఒకే కంపెనీ దయమీద ఆధారపడినదాన్ని కాస్త అనుమానంతోనే చూడండి. టీవీ రికార్డింగ్ ఉన్న విండోస్ మీడియా సెంటర్ మీద ఇల్లంతా అమర్చుకున్నవాళ్లున్నారు. 2015లో విండోస్ 10 వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది.

ఎనిమిదో మెట్టు: నమ్మేముందు పరీక్ష

అమర్చడం అయ్యాక ముఖ్యమైన కార్యక్రమాన్ని వెంటనే దాని మీద వదలకండి. ఒక వారం పాటు, చూసినా చూడకపోయినా, వేర్వేరు ఛానెళ్లలో రోజూ నాలుగైదు రికార్డింగ్‌లు పెట్టండి. వాటిలో ఒకటి తెల్లవారుజామున ఉండాలి, ఒకటి వాన కురిసే వేళ దొరికితే మరీ మంచిది.

తర్వాత తెరమీద గళ్లు గళ్లుగా విరిగిన చోట్ల కోసం వెతకండి. టీవీహెడ్‌ఎండ్‌లో అయితే వెతకనక్కర్లేదు, రికార్డింగ్ పక్కనే ఎర్రర్ల సంఖ్య ఉంటుంది. డిజిటల్ ప్రసారం 188 బైట్ల పొట్లాలుగా వస్తుంది. ప్రతి పొట్లం మీద 0 నుంచి 15 దాకా తిరిగే ఒక వరస సంఖ్య ఉంటుంది. 6 తర్వాత 9 వచ్చిందంటే మధ్యలోవి పోయాయని సాఫ్ట్‌వేర్ పట్టేసుకుంటుంది. అవే ఆ కంటిన్యుటీ ఎర్రర్లు. ట్యూనర్ ఛానెల్‌కి కుదురుకునే మొదటి క్షణంలో ఒకటి రెండు వస్తే పట్టించుకోకండి. గంట రికార్డింగ్‌లో వందలుంటే కారణం వెతకాలి.

వెతకడానికి ఒక పద్ధతుంది. ఎర్రర్లు ఒకే మక్స్ ఛానెళ్లలో వస్తుంటే తప్పు సిగ్నల్‌ది, యాంటెన్నా తిప్పడమో తీగ చివర కనెక్టర్ మార్చడమో చేయాలి. అన్ని మక్స్‌లలో, ఏ వేళైనా వస్తుంటే ట్యూనర్ నుంచి డిస్క్ దాకా ఉన్న దారిని చూడండి: యూఎస్‌బీ తీగ, హబ్, నెట్‌వర్క్. రెండు మూడు రికార్డింగ్‌లు కలిసి నడిచినప్పుడే వస్తుంటే డిస్క్ మీద అనుమానం. యూఎస్‌బీ ట్యూనర్‌కీ డిస్క్‌కీ ఒకే హబ్ వాడుతుంటే ముందు వాటిని విడదీయండి, చాలాసార్లు అక్కడితోనే తెగిపోతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడాలి. రికార్డింగ్ నడుస్తుండగా ప్లగ్ పీకొద్దు, డిస్క్ పాడవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కంప్యూటర్‌ని సవ్యంగా ఆపి, మెయిన్ స్విచ్ తీసి, ఐదు నిమిషాలాగి వేయండి. ఎవరూ బటన్ నొక్కకుండా అదే లేచి, గడియారం సరిచేసుకుని, తర్వాతి రికార్డింగ్ అందుకోవాలి. లేవకపోతే బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు తెరిచే మొదటి సెట్టింగులు) కరెంటు రాగానే ఆన్ అవమనే సెట్టింగ్ మార్చండి. రాస్ప్‌బెర్రీ పైలో మామూలుగా సొంత గడియారానికి బ్యాటరీ ఉండదు, ఇంటర్నెట్ నుంచి టైం తెచ్చుకునేదాకా దానికి రోజు ఏదో కూడా తెలియదు. కాబట్టి రౌటర్‌నీ దీన్నీ కలిపి ఒక చిన్న యూపీఎస్ మీద పెట్టడం మంచిది.

దాచుకునేవాళ్లకి

టీఎస్ ఫైలుని అలాగే ఉంచుకోవచ్చు గానీ చాలా ప్లేయర్లలో ముందుకి వెనక్కి జరపడం ఇబ్బంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో ఎంకేవీ అనే ఫైలు రూపంలోకి మార్చుకుంటే ఆ ఇబ్బంది పోతుంది. బొమ్మని మళ్లీ కుదించకుండా కాపీ చేయమని చెబితే నాణ్యత రవ్వంత కూడా పోదు, గంట కార్యక్రమం కొద్ది నిమిషాల్లోపే అయిపోతుంది. చోటు కలిసిరావాలని హెచ్‌ఈవీసీ అనే ఎక్కువ కుదించే పద్ధతిలోకి మార్చడం వేరే పని, దానికి టైం పడుతుంది, నాణ్యతా కొంత తగ్గుతుంది. మళ్లీ దొరకని వాటికి అది చేయకండి.

ప్రకటనలు తీయడానికి కామ్‌స్కిప్ అనే ప్రోగ్రాము ఉంది. నల్ల ఫ్రేములు, నిశ్శబ్దం, మూలన ఛానెల్ లోగో మాయమవడం, ఇలాంటి ఆనవాళ్లతో ప్రకటన ఎక్కడ మొదలైందో ఊహిస్తుంది. ప్రకటనల్లో కూడా లోగో ఉంచే ఛానెళ్ల దగ్గర తప్పులు చేస్తుంది. అందుకే దాన్ని నేరుగా కోయనివ్వకుండా గుర్తులు మాత్రం పెట్టమనండి. చూసేటప్పుడు ఆ గుర్తు దగ్గర దాటేయొచ్చు, తప్పుగా పెట్టినా అసలు ఫైలు భద్రంగా ఉంటుంది.

నిజంగా విలువైన రికార్డింగ్‌లని రికార్డర్ డిస్క్ మీదే వదిలేయకండి. డిస్క్ నిండగానే పాతవి చెరిపేసే సెట్టింగ్ చాలా ప్రోగ్రాముల్లో ఉంటుంది, కొన్నిట్లో మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది కూడా. ముందు ఆ సెట్టింగ్ ఎలా ఉందో చూడండి, తర్వాత దాచుకునేవాటికి విడిగా ఒక ఫోల్డర్ పెట్టి, దాన్ని ఇంకో డిస్క్ మీదకి కాపీ చేస్తూ ఉండండి. టీవీహెడ్‌ఎండ్ వాళ్లు అదే డిస్క్ మీదకి దాని సెట్టింగుల ఫోల్డర్‌ని కూడా కాపీ చేసుకోవాలి. కంప్యూటర్ పోయిన రోజున ఛానెళ్లన్నీ మళ్లీ మొదటినుంచి వెతికి వరసలో పెట్టే పని తప్పుతుంది.